రోగ నిర్ధారణ పరీక్ష మీద థీసిస్ చేసే పీజీలకు: తొలి రోగిని చేర్చుకోకముందే తేల్చుకోవలసినవి

మన మెడికల్ కాలేజీల్లో ఎండీ, ఎంఎస్ చదివేవారు ఎంచుకునే థీసిస్ అంశాల్లో చాలా వాటిది ఒకటే అచ్చు: ఫలానా వ్యాధిని గుర్తించడంలో ఫలానా పరీక్ష ఎంతవరకు పనికివస్తుంది. జనరల్ మెడిసిన్‌లో అది జ్వరానికి చేసే ర్యాపిడ్ కార్డు కావచ్చు, సర్జరీలో అపెండిసైటిస్ స్కోరు కావచ్చు, పిల్లల విభాగంలో కామెర్ల శిశువు నుదుటి మీద ఆనించి చూసే మీటరు కావచ్చు, కంటి విభాగంలో ఫండస్ ఫోటో కావచ్చు. మందులను పోల్చే ట్రయల్‌తో చూస్తే ఇవి తేలికగా కనిపిస్తాయి. రోగులు ఎలాగూ వస్తారు, పరీక్ష ఎలాగూ జరుగుతుంది, రెండు నిలువు గడులు, రెండు అడ్డ గడులు గీసి లెక్క వేస్తే సెన్సిటివిటీ (జబ్బున్నవారిలో ఎంత శాతాన్ని పాజిటివ్ అంటుందో) ఇంత, స్పెసిఫిసిటీ (జబ్బులేనివారిలో ఎంత శాతాన్ని నెగెటివ్ అంటుందో) ఇంత అని చెప్పేయవచ్చునన్న ధీమా ఉంటుంది.

ఆ ధీమాలోనే చిక్కు ఉంది. ఆ రెండు అంకెలూ కిట్ పెట్టెలో పుట్టినవి కావు. ఆ పరీక్షను ఎవరికి చేశారు, వ్యాధి ఉందో లేదో దేనితో తేల్చారు అన్న రెండు నిర్ణయాల నుంచి అవి పుడతాయి. ఆ నిర్ణయాలు రెండూ తొలి రోగి సంతకం పెట్టకముందే జరిగిపోతాయి. అక్కడ తప్పితే తర్వాత ఏ స్టాటిస్టీషియనూ సరిదిద్దలేడు. అందువల్ల ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు డేటా సేకరణకు ముందు జరగవలసిన పనికే ఇచ్చాను. లెక్కల భాగం చివర క్లుప్తంగా ఉంటుంది.

ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

"డెంగీ నిర్ధారణలో ఎన్‌ఎస్1 పాత్ర" అన్నది శీర్షికగా చెల్లుతుందేమో గానీ ప్రశ్న కాదు. ప్రశ్నలో ఎవరిలో, వ్యాధి ఏ దశలో, ఏ పరీక్ష, దేన్ని గుర్తించడానికి, దేనితో పోల్చి అన్న అయిదూ ఉండాలి. "జ్వరం మొదలై అయిదు రోజులు దాటకుండా మెడిసిన్ ఓపీకి వచ్చిన, 18 ఏళ్లు నిండిన రోగుల్లో డెంగీని గుర్తించడానికి ఎన్‌ఎస్1 ర్యాపిడ్ కార్డు, ఆర్‌టీ-పీసీఆర్‌తో పోల్చినప్పుడు ఎంత కచ్చితంగా ఉంది?" అని రాసుకున్నప్పుడు సగం ప్రోటోకాల్ దానంతట అదే తయారవుతుంది.

అయిదు రోజులన్న హద్దు అలంకారానికి పెట్టింది కాదు. డెంగీ వైరస్ విడుదల చేసే ఎన్‌ఎస్1 ప్రోటీన్ జ్వరం మొదటి రోజుల్లోనే రక్తంలో దొరుకుతుంది, వారం తిరిగేసరికి తగ్గిపోతుంది. ఐజీఎం యాంటీబాడీలు దాదాపు అయిదో రోజు నుంచి పైకి వస్తాయి. పైగా రెండోసారి డెంగీ సోకినవారిలో పాత యాంటీబాడీలు ముందే లేచి ఎన్‌ఎస్1ను పట్టేసుకోవడం వల్ల కార్డు మీద గీత రాకపోవచ్చు. అందుచేత ఒకే కార్డును రెండో రోజు రోగుల మీద వాడిన పీజీకి ఒక అంకె, ఎనిమిదో రోజు రోగుల మీద వాడిన పీజీకి మరొక అంకె వస్తాయి, ఇద్దరూ నిజమే చెబుతారు. ఛాతీ నొప్పిలో, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్‌దీ ఇదే కథ, కాకపోతే అక్కడ లెక్క రోజుల్లో కాక గంటల్లో ఉంటుంది. మీ విభాగం ఏదైనా సరే, ప్రొఫార్మాలో (రోగి వివరాలు నమోదు చేసే ఫారంలో) లక్షణాలు మొదలైన తేదీకి, అవసరమైతే గంటకు, విడిగా ఒక గడి పెట్టండి. "వారం రోజులుగా జ్వరం" అని కేస్ షీట్‌లో రాసిన మాటను తర్వాత అంకెగా మార్చడం ఊహ మాత్రమే అవుతుంది.

ఈ పరీక్ష చికిత్స క్రమంలో ఎక్కడ నిలబడుతుందో కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. పాత పరీక్ష స్థానంలో రావడం ఒకటి, దానికి ముందు జల్లెడలా నిలబడటం ఒకటి, దాని తర్వాత అదనంగా చేరడం మరొకటి. డీ-డైమర్ రక్త పరీక్ష జల్లెడ వంటిది: ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ ఉండే అవకాశం తక్కువగా ఉన్న రోగిలో అది నెగెటివ్ వస్తే సీటీ తప్పుతుంది. అక్కడ చూడవలసింది సెన్సిటివిటీని, అంటే వ్యాధి ఉన్న ఎందరిని అది జారవిడవకుండా పట్టుకుంటుందన్నదాన్ని. కీమోథెరపీ మొదలుపెట్టే ముందు చేసే పరీక్షలో చూడవలసింది దీనికి విరుద్ధంగా స్పెసిఫిసిటీని. ఈ సంగతి సినాప్సిస్‌లో (థీసిస్ ప్రతిపాదనలో) రాయకపోతే చివరకు ఏ అంకెను చూసి పరీక్ష మంచిదని అనాలో మీకే తెలియదు.

ఎవరిని చేర్చుకుంటున్నారు

థీసిస్‌లలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది కనుక కాస్త నిదానంగా చదవండి.

1969లో పెద్దపేగు క్యాన్సర్‌కు సీఈఏ అనే రక్త పరీక్ష గురించి ఒక పరిశోధన వచ్చింది. బాగా ముదిరిన క్యాన్సర్ ఉన్న 36 మందిలో 35 మందికి అది పాజిటివ్. క్యాన్సర్‌ను రక్తపు చుక్కతో కనిపెట్టవచ్చునని ఆశలు రేగాయి. తర్వాత అదే పరీక్షను తొలిదశ క్యాన్సర్ ఉన్నవారిలో, ఇతర పేగు జబ్బులు ఉన్నవారిలో చేసి చూస్తే ఆ మెరుపు నిలవలేదు. ఈ రోజు సీఈఏను క్యాన్సర్ కనిపెట్టడానికి వాడరు, ఆపరేషన్ తర్వాత జబ్బు తిరగబెడుతుందేమో గమనించడానికి వాడతారు. తొలి పరిశోధకులు లెక్క తప్పు చేయలేదు. ముదిరిన జబ్బును ఒక పక్కన పెట్టి, దాని ఛాయలే లేనివారిని మరో పక్కన పెట్టి పోల్చారు. డాక్టరుకు సందేహం వచ్చే రోగి ఆ రెండు గుంపుల్లోనూ లేడు. 1978లో రాన్సాఫ్, ఫైన్‌స్టీన్ అనే ఇద్దరు ఈ లోపానికి స్పెక్ట్రమ్ అన్న పేరు పెట్టి, ఎన్నో పరీక్షలు మొదట గొప్పగా కనిపించి తర్వాత ఎందుకు చతికిలబడ్డాయో వివరించారు.

ఇప్పుడు మన థీసిస్‌ల వైపు చూడండి. వార్డులో నిర్ధారణ అయిన 50 మంది రోగులు, "కంట్రోల్స్"గా 50 మంది నర్సింగ్ విద్యార్థులు లేదా రక్తదాతలు. సంఖ్య గుండ్రంగా ఉంటుంది, పని ఆరు నెలల్లో ముగుస్తుంది, అంకెలు అందంగా వస్తాయి. కానీ నర్సింగ్ విద్యార్థినికి క్షయ ఉందా లేదా అని ఓపీలో ఎవరూ తలపట్టుకోరు. మూడు వారాలుగా దగ్గుతున్న, కఫంలో క్రిములు కనిపించని, పొగతాగే యాభై ఏళ్ల మనిషి విషయంలో తలపట్టుకుంటారు. పరీక్ష సత్తా తేలవలసింది అతని దగ్గర.

క్షయలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. క్షయ క్రిమి జన్యు పదార్థాన్ని వెతికే ఎక్స్‌పర్ట్ యంత్రం మీద 2010లో వెలువడిన పరిశోధనలో, కల్చర్‌లో (క్రిములను ల్యాబులో పెంచి చూసే పరీక్షలో) క్షయ తేలిన రోగులను రెండుగా విడదీశారు. కఫం స్మియర్ పాజిటివ్ అయినవారిలో, అంటే మైక్రోస్కోపు కింద కఫంలో క్రిములు కనిపించినవారిలో, ఒక్కసారి చేసిన ఎక్స్‌పర్ట్ పరీక్ష 98.2 శాతం మందిని పట్టుకుంది. స్మియర్ నెగెటివ్ అయినవారిలో 72.5 శాతం మందినే పట్టుకుంది. యంత్రం ఒకటే, కార్ట్రిడ్జ్ ఒకటే. వారు అలా విడదీసి చూపించకుండా స్మియర్ పాజిటివ్ రోగులనే ఎక్కువగా చేర్చుకొని ఉంటే లోకానికి ఇంకొక అంకె తెలిసి ఉండేది. ఇక క్షయకు రక్తంలో యాంటీబాడీలు చూసే కమర్షియల్ కిట్ల సంగతి: నాసిరకం పరిశోధనల అండతో అవి ఏళ్ల తరబడి మన ల్యాబుల్లో నడిచాయి. వాటిని వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో చెప్పింది, 2012లో భారత ప్రభుత్వం నిషేధించింది. ఈలోగా వాటి ఫలితం చూసి మందులు మింగినవారు, మందులు అందక ఉండిపోయినవారు ఎందరో.

కాబట్టి నియమం ఇలా పెట్టుకోండి: ఆ జబ్బు ఉందన్న అనుమానంతో వచ్చిన ప్రతి రోగినీ, వరుస తప్పకుండా, ఏరకుండా చేర్చుకోవాలి. "వరుస తప్పకుండా" అన్నది రాయడం తేలిక, పాటించడం కష్టం. రాత్రి క్యాజువాలిటీకి వచ్చే రోగులు పగలు ఓపీకి వచ్చేవారికన్నా సాధారణంగా తీవ్రంగా ఉంటారు. మీ డ్యూటీ రోజుల్లో మాత్రమే చేర్చుకుంటే, లేదా ఆదివారాలు వదిలేస్తే, మీకు తెలియకుండానే ఏరినట్టు. అన్ని రోజులూ కుదరకపోతే వారంలో ఏ రోజులు, ఏ వేళలు అన్నది ముందే నిర్ణయించి రాసి, ఆ వేళల్లో వచ్చిన ఒక్కరినీ వదలవద్దు.

ఆసుపత్రికి వచ్చినవారే జబ్బు మొత్తం కాదన్నది మరొక సంగతి. హైదరాబాద్‌లోని ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి 1996 నుంచి 2000 వరకు హైదరాబాద్ నగరంలోనూ, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ పదివేలమందికి పైగా ప్రజల కళ్లను పరీక్షించింది. గ్లకోమా ఉన్నట్టు తేలినవారిలో అత్యధికులకు అంతకుముందు ఆ విషయమే తెలియదు. గ్లకోమా క్లినిక్‌లో ఫైళ్లున్న రోగుల మీద మాత్రమే ఒక స్క్రీనింగ్ పరికరాన్ని పరీక్షించే పీజీ, ఆ పరికరం ఎవరికోసం తయారైందో వారిని వదిలేసినట్టే. టైటిల్‌లో "స్క్రీనింగ్" అన్న మాట ఉంటే రోగులు క్లినిక్ బయటి నుంచి రావాలి. అది వీలుకాకపోతే టైటిల్ మార్చుకోవడం నిజాయితీ.

రోగులు మారితే పాజిటివ్ ఫలితానికి అర్థం కూడా మారుతుంది. సెన్సిటివిటీ 90, స్పెసిఫిసిటీ 90 శాతం ఉన్న పరీక్షను సగం మందికి జబ్బున్న వార్డులో చేస్తే, పాజిటివ్ వచ్చినవారిలో 90 శాతం మందికి జబ్బు నిజంగా ఉంటుంది. అదే పరీక్షను నూటికి అయిదుగురికే జబ్బున్న ఊళ్లో వెయ్యిమందికి చేయండి. జబ్బున్న 50 మందిలో 45 మంది పాజిటివ్ అవుతారు, జబ్బులేని 950 మందిలో 95 మంది కూడా పాజిటివ్ అవుతారు. మొత్తం 140 పాజిటివ్‌లలో నిజమైనవి 45, అంటే దాదాపు 32 శాతం. పెద్దాసుపత్రిలో చేసిన థీసిస్‌లో పీపీవీని (పాజిటివ్ వచ్చినవారిలో నిజంగా జబ్బున్నవారి శాతాన్ని) పట్టుకొని "ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఈ కిట్ వాడవచ్చు" అని ముగించడం ఈ లెక్క చూసుకోకపోవడం వల్లనే.

జబ్బు ఉందని ఎవరు చెప్పారు

పరీక్షను పోల్చడానికి వాడే ప్రమాణాన్ని వాడుకలో గోల్డ్ స్టాండర్డ్ అంటాం. రిఫరెన్స్ స్టాండర్డ్ అనడం మెరుగు, ఎందుకంటే చాలా జబ్బుల్లో బంగారం లేదు. తక్కెడే వంకరైతే సరుకు తూకం గురించి మాట్లాడలేం.

టైఫాయిడ్ తీసుకోండి. రక్తంలో టైఫాయిడ్ యాంటీబాడీలను చూసే విడాల్ పరీక్ష 1896 నుంచి ఉంది, మన ఊళ్లలో ఇప్పటికీ జ్వరం అనగానే రాసే పరీక్ష అదే. దాన్ని పరీక్షించాలంటే ఎక్కువమంది బ్లడ్ కల్చర్‌తో పోలుస్తారు. అయితే బ్లడ్ కల్చర్ టైఫాయిడ్ ఉన్నవారిలో నూటికి సుమారు 60 మందిలోనే పాజిటివ్ అవుతుంది. రక్తం తక్కువ తీసినా, జ్వరం రెండో వారంలోకి వెళ్లినా, రోగి అప్పటికే ఊళ్లోని ఆర్‌ఎంపీ ఇచ్చిన యాంటీబయాటిక్ వాడినా ఇంకా తగ్గుతుంది. ఎముక మజ్జ కల్చర్ బాగా మెరుగు, కానీ థీసిస్ కోసం జ్వరం రోగి తుంటి ఎముకలోకి సూది గుచ్చడాన్ని ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. ఫలితం ఏమిటంటే, కల్చర్ నెగెటివ్, విడాల్ పాజిటివ్ అయిన రోగిని మీ పట్టిక "ఫాల్స్ పాజిటివ్" అంటుంది, నిజానికి అతను కల్చర్ జారవిడిచిన టైఫాయిడ్ రోగి అయి ఉండవచ్చు. మరోవైపు టైఫాయిడ్ ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో ఆరోగ్యవంతుల రక్తంలో కూడా కొంత టైటర్ (యాంటీబాడీల మోతాదు) ఉంటుంది కనుక, ఆ స్థానిక టైటర్ ఎంతో తెలియకుండా ఒక్కసారి చేసిన విడాల్‌ను పాజిటివ్ అనడమూ పొరపాటే.

ఇలాంటి చోట మూడు దారులున్నాయి. ఒకటి, ఉన్న ప్రమాణపు పరిమితిని ఒప్పుకొని దాన్ని వీలైనంత మెరుగ్గా వాడటం: పెద్దవారి దగ్గర సీసాకు 8 నుంచి 10 మి.లీ. రక్తం తీయడం, యాంటీబయాటిక్ వాడిన సంగతిని ప్రొఫార్మాలో నమోదు చేయడం, వాడినవారి ఫలితాలను విడిగా చూపడం. రెండు, కల్చర్, పీసీఆర్, రోగి కోలుకున్న తీరు వంటి అనేక ఆధారాలను కలిపి ముందే రాసుకున్న నియమం ప్రకారం జబ్బును నిర్ణయించడం. మూడోది లేటెంట్ క్లాస్ అనే గణిత పద్ధతి, ఏ ఒక్క పరీక్షనూ సత్యంగా తీసుకోకుండా అన్నిటి ఫలితాల నుంచి అంచనా వేస్తుంది. పీజీ థీసిస్‌కు రెండోది సరిపోతుందని నా అభిప్రాయం; మూడోదానికి స్టాటిస్టీషియన్ మొదటి నుంచీ పక్కనుండాలి.

రెండో దారిలో ఒక గుంత ఉంది. మీరు పరీక్షిస్తున్నదే ప్రమాణంలో భాగమైపోకూడదు. ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటిలో ఏడీఏ అనే ఎంజైమ్ ఎంతుందో చూసి క్షయ అని చెప్పవచ్చా అన్నది థీసిస్ అనుకుందాం. చాలామంది రోగులకు బయాప్సీ జరగదు. డాక్టరు ఏడీఏ 40 దాటిందని చూసే క్షయ మందులు మొదలుపెడతారు, రోగి కోలుకుంటాడు, "మందులకు తగ్గింది కనుక క్షయ" అని రాస్తారు. అప్పుడు ఏడీఏ తనకు తానే సాక్షి అవుతుంది, సెన్సిటివిటీ పెరగక ఏం చేస్తుంది?

సర్జరీ వారికి వేరే ఇబ్బంది. అపెండిసైటిస్‌లో ప్రమాణం హిస్టోపాథాలజీ, అది ఆపరేషన్ అయినవారికే దొరుకుతుంది. ఆపరేషన్ ఎవరికి చేశారు? స్కోరు ఎక్కువ ఉన్నవారికి. స్కోరు తక్కువై ఇంటికి పంపినవారిని పట్టికలో చేర్చకపోతే, స్కోరు జారవిడిచినవారు కనపడరు కనుక సెన్సిటివిటీ ఉన్నదానికన్నా ఎక్కువగా, సరిగా వదిలిపెట్టినవారు కూడా కనపడరు కనుక స్పెసిఫిసిటీ ఉన్నదానికన్నా తక్కువగా వస్తుంది. ఇంటికి పంపినవారికి కొన్ని వారాల తర్వాత ఫోన్ చేసి, మళ్లీ నొప్పి వచ్చిందా, మరెక్కడైనా ఆపరేషన్ జరిగిందా అని అడిగి, ఆ సమాధానాన్ని వారి ప్రమాణంగా తీసుకోవాలి. ఫోన్ నంబరు తీసుకోవడానికీ, ఫోన్ చేయడానికీ అనుమతి సమ్మతి పత్రంలోనే ఉండాలి.

కొన్ని జబ్బుల నిర్వచనంలోనే కాలం ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు మీద పనిచేయాలనుకునేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడగట్టే వేగం అంచనా) 60 కన్నా తక్కువగా కనీసం మూడు నెలలు నిలిస్తేనే, ఇతర ఆధారాలు లేనప్పుడు, దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. జీడితోటలో ఎండలో పనిచేసి నీళ్లు తాగకుండా క్యాంపుకు వచ్చినవారి క్రియాటినిన్ ఆ ఒక్కరోజు పెరిగి ఉండవచ్చు. ఒకే క్యాంపు, ఒకే రక్త నమూనాతో జబ్బు ముద్ర వేసే సర్వే, మూడు నెలల తర్వాత రెండో నమూనాకు డబ్బు, మనుషులు కేటాయించుకున్న సర్వే ఒకటి కావు. రెండోసారి రానివారు ఎవరన్నది కూడా ఫలితమే.

మానసిక వైద్యంలో ప్రమాణం ల్యాబులో దొరకదు, శిక్షణ పొందిన డాక్టరు నిర్ణీత పద్ధతిలో చేసే ఇంటర్వ్యూయే ప్రమాణం. డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ-9 వంటి ప్రశ్నావళిని తెలుగులో వాడేటప్పుడు 10 అనే కటాఫ్ (పాజిటివ్ అనడానికి పెట్టుకున్న హద్దు) వేరే దేశంలో, వేరే భాషలో తేలిన అంకె అని గుర్తుంచుకుని, ఇక్కడి రోగుల ఇంటర్వ్యూలతో పోల్చి చూడాలి.

చూసేవారి కళ్లు

పరీక్ష ఫలితం చదివేవారికి ప్రమాణం ఫలితం తెలియకూడదు, ప్రమాణం చదివేవారికి పరీక్ష ఫలితం తెలియకూడదు. సీటీ రిపోర్టు చూసిన తర్వాత అల్ట్రాసౌండ్‌లో వాచిన అపెండిక్స్ తప్పకుండా కనపడుతుంది. పాథాలజీ ఫారంలో "క్లినికల్ డయాగ్నోసిస్" గడిని ఖాళీగా వదలడం రోగి మేలుకు మంచిది కాదు కాబట్టి, మామూలు రిపోర్టు యథావిధిగా వెళ్లనిచ్చి, పరిశోధన కోసం ఆ స్లైడ్‌లను తర్వాత కోడ్ నంబరుతో మరొక పాథాలజిస్టుకు చూపించండి.

కంటితోనో చేత్తోనో తేల్చే పరీక్షల్లో ఇద్దరు వేర్వేరుగా చూడాలి. 1940ల్లో యెరుషల్మీ అనే గణాంక శాస్త్రవేత్త ఛాతీ ఎక్స్‌రేల మీద పనిచేసినప్పుడు తేలిందేమంటే, నిపుణులు ఒకరితో ఒకరు విభేదించడమే కాదు, అదే ఫిల్మును రెండోసారి చూపితే తమతో తామే విభేదించారు. సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీ అన్న మాటల ప్రస్తావన వచ్చినప్పుడు 1947 నాటి ఆయన వ్యాసాన్ని తరచుగా పేర్కొంటారు. ఏకీభావాన్ని శాతంలో చెబితే సరిపోదు. గర్భిణుల కనురెప్ప లోపలి పాలిపోవడాన్ని ఇద్దరు చూశారనీ, ఇద్దరూ నూటికి 80 మందిని పాలిపోయారనే అన్నారనీ, 80 శాతం మంది విషయంలో ఏకీభవించారనీ అనుకుందాం. ఊరికే నాణెం విసిరినట్టు చెప్పినా అలాంటి ఇద్దరు 68 శాతం మందిలో ఏకీభవిస్తారు. ఆ భాగం తీసేస్తే మిగిలే కప్పా విలువ 0.375 మాత్రమే.

కటాఫ్ ముందే నిర్ణయించండి. డేటా చేతికి వచ్చాక ఆర్‌ఓసీ వక్రరేఖ (ఒక్కో కటాఫ్‌కు సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీ ఎలా మారతాయో చూపేది) గీసి, అందులో అన్నిటికన్నా బాగున్న బిందువును ఎంచి, అదే డేటాతో ఆ బిందువు ఎంత బాగుందో చెప్పడం పీజీ థీసిస్‌లలో ఆచారంగా మారింది. ఆ కటాఫ్ మరొక ఆసుపత్రి రోగుల్లో నిలవకపోతే ఆశ్చర్యపోనక్కరలేదు. కొత్త కటాఫ్ వెతకడమే ఉద్దేశమైతే అదే మాట టైటిల్‌లో చెప్పండి. కటాఫ్ ఎంచడానికి సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీలను కలిపి చూసే యూడెన్ సూచీ, జారవిడిచిన జబ్బునూ, అనవసరపు భయాన్నీ ఒకే బరువుతో తూస్తుందని కూడా గుర్తుంచుకోండి. మెనింజైటిస్ అనుమానంలో ఆ రెండూ సమానం కావు.

ఫలితం అవును, కాదు రూపంలో కాక కొలత రూపంలో ఉంటే దారి వేరు. నవజాత శిశువు చర్మం మీద మీటరు చూపే బిలిరుబిన్‌ను సీరం బిలిరుబిన్‌తో పోల్చేవారు కోరిలేషన్ (రెండు కొలతలు కలిసి పెరిగి తగ్గే తీరు) 0.9 వచ్చిందని సంబరపడతారు. ప్రతి శిశువులోనూ మీటరు 3 మి.గ్రా. తక్కువ చూపినా కోరిలేషన్ 1 రావచ్చు. 1986లో బ్లాండ్, ఆల్ట్‌మన్ చూపిన పద్ధతిలో రెండు కొలతల తేడాను వాటి సగటు మీద గీసి, ఆ తేడా ఎంతవరకు పోతుందో చెప్పాలి, ఆ మేరకు తేడా వస్తే ఫోటోథెరపీ నిర్ణయం మారుతుందా లేదా అన్నది చర్చించాలి. ఫోటోథెరపీ మొదలైన శిశువుల్లో చర్మపు కొలత నమ్మదగినది కాదు కనుక వారిని విడిగా ఉంచండి. ఇటువంటి అడ్డంకులు ప్రతి పరీక్షకూ ఉంటాయి, వాటిని ముందే వెతికి ప్రొఫార్మాలో పెట్టాలి. ఏజెన్సీ ప్రాంతాల్లో హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగర్ సగటును చూపే పరీక్ష) మీద పనిచేసేవారు సికిల్ సెల్ సంగతి నమోదు చేయకపోతే, ఎర్ర కణాల ఆయుష్షు తగ్గడం వల్ల పడిపోయిన అంకెను షుగర్ అదుపులో ఉన్నట్టుగా చదివే ప్రమాదం ఉంది.

ఎంతమంది కావాలి, ఎవరి అనుమతి కావాలి

సెన్సిటివిటీని జబ్బున్నవారిలోనే లెక్కిస్తాం కాబట్టి శాంపిల్ సైజు కూడా అక్కడి నుంచే మొదలవ్వాలి. సెన్సిటివిటీ 90 శాతం ఉంటుందనీ, అటూ ఇటూ 7 శాతం లోపల తెలియాలనీ అనుకుంటే జబ్బున్నవారు 71 మంది కావాలి. మీ ఓపీలో అనుమానంతో వచ్చిన నూరుగురిలో 20 మందికే జబ్బు తేలుతుందంటే మొత్తం 355 మందిని చేర్చుకోవాలి. "సమయాభావం వల్ల 50 మంది" అని రాసే థీసిస్‌లో జబ్బున్నవారు 20 మంది ఉండి, వారిలో 18 మంది పాజిటివ్ అయితే సెన్సిటివిటీ 90 శాతమే, కానీ 95 శాతం విశ్వాస వ్యవధి (అసలు విలువ ఉండగల పరిధి) సుమారు 70 నుంచి 97 వరకు పరుచుకుంటుంది. ఏ గైడ్‌నైనా అడగండి, 70 శాతం పరీక్షను 97 శాతం పరీక్షలా వాడరు. మూడేళ్లలో అంతమంది దొరకరని ముందే తెలిస్తే అంశం మార్చుకోవడానికి అదే సరైన సమయం.

కంటి, చెవి, కీళ్ల విభాగాల వారికి ఒక మాట. వంద మంది రోగుల రెండేసి కళ్లను 200గా లెక్కించవద్దు. ఒకే మనిషి రెండు కళ్లూ ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి కనుక, విశ్వాస వ్యవధి ఉన్నదానికన్నా ఇరుకుగా కనపడుతుంది. ఒక కన్నే ఎంచుకోండి, లేదా ఆ సంబంధాన్ని లెక్కలోకి తీసుకునే పద్ధతి వాడండి.

అనుమతుల విషయంలో దాటవేతలు పనికిరావు. ఇన్‌స్టిట్యూషనల్ ఎథిక్స్ కమిటీ ఆమోదం వచ్చాకే మొదటి రోగి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చదవండి. సీటీఆర్‌ఐ అనే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 2007లో మొదలైంది, పీజీ థీసిస్‌లను, పరిశీలన పరిశోధనలను కూడా నమోదు చేసుకుంటుంది, రుసుము లేదు. 2018 ఏప్రిల్ 1 నుంచి ట్రయల్స్‌ను రోగుల చేరిక మొదలుకాకముందే నమోదు చేయాలి. సమ్మతి పత్రం రోగి చదివే తెలుగులో ఉండాలి, "ఈ పరీక్ష ఫలితం మీ చికిత్సను మార్చదు" వంటి మాటలు సూటిగా రాయాలి. చదువురాని రోగి వేలిముద్ర వేసేటప్పుడు మీ బృందానికి చెందని సాక్షి ఉండాలి. 7 ఏళ్లు దాటిన పిల్లల దగ్గర తల్లిదండ్రుల సమ్మతితో పాటు పిల్లల అంగీకారం కూడా తీసుకోవాలి. పరిశోధన కోసం మాత్రమే చేసే పరీక్ష ఖర్చు రోగి మీద పడకూడదు.

పని మొదలయ్యాక

ఒక నోటుపుస్తకం పెట్టి, అర్హులైన ప్రతి ఒక్కరినీ క్రమసంఖ్యతో రాయండి: చేరినవారు, వద్దన్నవారు, నమూనా గడ్డకట్టినవారు, డిశ్చార్జ్ తీసుకొని వెళ్లిపోయినవారు. థీసిస్‌లో గీయవలసిన ఫ్లో చార్టు ఈ పుస్తకం నుంచే వస్తుంది, జ్ఞాపకం నుంచి రాదు. పేర్లు, ఫోన్ నంబర్లు ఒక ఫైలులో, కోడ్ నంబర్లతో ఫలితాలు మరొక ఫైలులో ఉంచండి. ఎక్సెల్ గడిలో ఒక అంశమే ఉండాలి. "పాజిటివ్, కానీ గీత పలచగా" అని రాసిన గడిని ఏ సాఫ్ట్‌వేరూ చదవలేదు.

పలచని గీత గురించి కూడా ముందే నియమం ఉండాలి. స్పష్టంగా లేని ఫలితాలను పట్టిక నుంచి తీసేసేవారు చాలామంది ఉన్నారు, అలా తీసేస్తే రెండు అంకెలూ పెరుగుతాయి. వాటిని పాజిటివ్‌గా ఒకసారి, నెగెటివ్‌గా ఒకసారి లెక్కించి రెండూ చూపించండి. కిట్ కంపెనీ పేరు, లాట్ నంబరు, గడువు తేదీ, నిల్వ చేసిన ఉష్ణోగ్రత రాసుకోండి. మే నెలలో ఫ్రిజ్ ఆగిన రోజు కూడా రాసుకోండి. పరీక్షకూ ప్రమాణానికీ మధ్య ఎన్ని రోజులు గడిచాయో ప్రతి రోగికీ తెలియాలి, ఎందుకంటే ఆ మధ్యలో జబ్బు తగ్గి ఉండవచ్చు, పెరిగి ఉండవచ్చు.

రాసేటప్పుడు

నాలుగు గడుల పట్టికను అసలు సంఖ్యలతో ఇవ్వండి. శాతాలు ఎవరైనా లెక్కించుకోగలరు, శాతాల నుంచి మనుషులను లెక్కించలేరు. ప్రతి అంకె పక్కనా విశ్వాస వ్యవధి ఉండాలి. లైక్లీహుడ్ రేషియో కూడా ఇవ్వండి: సెన్సిటివిటీని, నూరులో నుంచి స్పెసిఫిసిటీ తీసేయగా మిగిలినదానితో భాగిస్తే అది వస్తుంది, 90, 90 ఉన్న పరీక్షకు 9 వస్తుంది. రోగికి జబ్బు ఉండవచ్చని పరీక్షకు ముందు మీరు వేసుకున్న అంచనాను అది ఎంతగా మారుస్తుందో చెబుతుంది కనుక, మంచం పక్కన నిలబడిన డాక్టరుకు మిగతా వాటికన్నా అదే ఎక్కువ ఉపయోగం. పీపీవీ, ఎన్‌పీవీ (నెగెటివ్ వచ్చినవారిలో నిజంగా జబ్బులేనివారి శాతం) ఇచ్చినప్పుడు మీ ఆసుపత్రిలో జబ్బు ఎంత శాతమో అదే వాక్యంలో రాయండి. "యాక్యురసీ 91 శాతం" అన్న ఒంటరి అంకె వదిలేయండి. నూటికి అయిదుగురికే జబ్బున్నచోట, అందరినీ ఆరోగ్యవంతులన్నా యాక్యురసీ 95 శాతం వస్తుంది.

నిర్ధారణ పరీక్షల పరిశోధనలను ఎలా నివేదించాలో చెప్పే స్టార్డ్ 2015 జాబితాలో 30 అంశాలున్నాయి. దాన్ని థీసిస్ ముగిశాక టిక్కులు పెట్టడానికి కాకుండా, సినాప్సిస్ రాసేటప్పుడే ముందు పెట్టుకోండి. ఇతరుల పరిశోధనలు చదివి సమీక్ష రాసేటప్పుడు, వాటి నాణ్యతను తూచడానికి వాడే క్వాడాస్-2 అడిగే నాలుగు విషయాలు చూడండి: రోగులను ఎలా ఎంచారు, పరీక్షను ఎలా చేశారు, ప్రమాణం ఏమిటి, రోగులు, సమయం ఎలా నడిచాయి. రివ్యూ ఆఫ్ లిటరేచర్‌లో "ఫలానావారు 94 శాతం కనుగొన్నారు" అన్న వాక్యాలను వరుసగా పేర్చడం కన్నా, ఆ 94 ఎవరిలో, దేనితో పోల్చి వచ్చిందో చెప్పే రెండు పేజీలు ఎక్కువ విలువైనవి, వైవాలో ఎగ్జామినర్ అడిగే తొలి ప్రశ్న కూడా తరచుగా అదే ఉంటుంది. చర్చ భాగంలో మీ అంకె వారి అంకెకన్నా తగ్గితే కారణాన్ని కిట్‌లో వెతికే ముందు మీ రోగుల పట్టికనూ, వారి రోగుల పట్టికనూ పక్కపక్కన పెట్టి వయసు, జబ్బు దశ, లక్షణాలు మొదలై గడిచిన రోజులు పోల్చి రాయండి.